ఇన్‌ఫ్లిక్సిమాబ్: పేగువాపు వ్యాధుల్లో తొలి బయోలాజిక్, దాని మీద జరిగిన ప్రయోగాలు

ఇన్‌ఫ్లిక్సిమాబ్ క్రోన్స్ వ్యాధికి, అల్సరేటివ్ కొలైటిస్‌కు సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కించే మందు. ఈ రెండు జబ్బులనూ కలిపి ఐబీడీ అంటారు. పేగువాపు వ్యాధులనీ చెప్పుకోవచ్చు. ఒంట్లో వాపును రేపే టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే ప్రోటీన్‌ను పట్టుకుని దాని పని కట్టిపెట్టే యాంటీబాడీ ఇది. మామూలు మాత్రల్లా రసాయనాలు కలిపి చేసేది కాదు. జన్యువులు మార్చిన జీవకణాలను పెంచి, వాటిచేత తయారు చేయించి, శుద్ధి చేసి తీస్తారు. బయోలాజిక్ అనే పేరు అందుకే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1998 ఆగస్టులో క్రోన్స్ వ్యాధికి దీన్ని అనుమతించింది. పేగువాపు వ్యాధులకు అనుమతి పొందిన మొదటి బయోలాజిక్ ఇదే.

మందు పనిచేసే తీరును ఒక పేజీలో చెప్పేయొచ్చు. ఎవరికివ్వాలి, ఎంతివ్వాలి, ఎన్నాళ్లకోసారి, దేనితో కలిపి, ఎప్పటిదాకా అన్నవి తేల్చడానికే ముప్పై ఏళ్లు పట్టింది. అవన్నీ ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఒక్కో ప్రయోగం ఒక్కో ప్రశ్నకు జవాబిచ్చి, ఆ పక్కనే ఇంకో ప్రశ్న లేవనెత్తింది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ ప్రయోగాలదే.

జబ్బు సంగతి

అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే పరిమితం. మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది, పేగు లోపలి పొరను పుండు చేస్తుంది, నెత్తురు, జిగురు కలిసిన విరేచనాలు తెప్పిస్తుంది. లండన్ వైద్యుడు శామ్యూల్ విల్క్స్ 1859లో దీన్ని వేరే జబ్బుగా గుర్తించాడు. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. చిన్నపేగు చివరి భాగమంటే దానికి మరీ ఇష్టం. పేగు గోడ మందమంతా వాస్తుంది, దారి ఇరుకవుతుంది, కొందరిలో గోడ తొలుచుకుని పక్క అవయవంలోకో, చర్మం మీదికో ఫిస్టులా అనే రంధ్రం పడుతుంది. మలద్వారం పక్కన అలా పడేదాన్నే మన పాత వైద్యులు భగందరం అన్నారు. న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆసుపత్రికి చెందిన బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ 1932లో 14 మంది రోగుల వివరాలతో రాసిన పత్రంతో ఈ జబ్బుకు గుర్తింపు వచ్చింది. రచయితల పేర్లు అక్షర క్రమంలో వేశారు కాబట్టి క్రోన్ పేరు ముందొచ్చింది, జబ్బుకూ అదే స్థిరపడింది. స్కాట్లండ్ సర్జన్ డాల్జియెల్ 1913లోనే ఇలాంటి కేసులు రాసిపెట్టాడు. ఆయన పేరు ఎవరికీ గుర్తులేదు.

రెండూ ఎక్కువగా యువతకు వచ్చే జబ్బులు. మరణాలు తక్కువ, యాతన ఎక్కువ. బస్సు ఎక్కేముందు, పరీక్ష హాల్లోకి వెళ్లేముందు మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకోవాల్సిన బతుకు.

ప్రయోగాలు చేసేవాళ్లకు ఈ జబ్బుల్లో ఒక చిక్కుంది. ఇవి ఉధృతమవుతాయి, వాటంతటవే తగ్గుతాయి, మళ్లీ వస్తాయి. తగ్గే సమయంలో ఏ మందిచ్చినా ఆ మందే తగ్గించినట్టు కనిపిస్తుంది. అందుకే పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు తీసుకునే గుంపు తప్పనిసరి. ఆక్స్‌ఫర్డ్‌లో ట్రూలవ్, విట్స్ అనే వైద్యులు 210 మంది కొలైటిస్ రోగులపై చేసి 1955లో ప్రకటించిన కార్టిసోన్ ప్రయోగం దీనికి దారి చూపింది. ఆరు వారాల్లో కార్టిసోన్ తీసుకున్నవారిలో 41 శాతం, తీసుకోనివారిలో 16 శాతం తేరుకున్నారు. స్టెరాయిడ్లు ఉధృతిని అణిచేస్తాయని ఆనాడే రుజువైంది. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి, షుగర్ వస్తుంది. పైగా తగ్గిన జబ్బును తగ్గినట్టే నిలిపి ఉంచే శక్తి వాటికి లేదు. ఆ తరవాత వచ్చిన అజాథయోప్రిన్ ఆ పని కొంత చేస్తుంది గానీ, పట్టు దొరకడానికి నెలలు పడుతుంది.

ఒకదాని కోసం పుట్టి ఇంకోదానికి పనికొచ్చిన మందు

1975లో రెండు ఘటనలు విడివిడిగా జరిగాయి. కేంబ్రిడ్జిలో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. 1984లో దానికి నోబెల్ వచ్చింది. న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ సంస్థలో లాయిడ్ ఓల్డ్ బృందం బీసీజీ టీకా, ఆపైన బ్యాక్టీరియా విషం ఎక్కించిన ఎలుకల రక్తంలో కణితులను చంపే పదార్థం ఉందని చెప్పింది. దానికి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, అంటే టీఎన్ఎఫ్ అని పేరు పెట్టింది. క్షయ టీకా ఇచ్చిన ఎలుకల్లో దొరికిన పదార్థమన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. పాతికేళ్ల తరవాత క్షయే ఈ కథలోకి తిరిగొస్తుంది.

టీఎన్ఎఫ్ క్యాన్సర్ మందవుతుందని ఆశపడ్డారు. అది నెరవేరలేదు. 1985లో బ్రూస్ బ్యూట్లర్, ఆంథనీ సెరామీ జబ్బుపడ్డ జంతువులను చిక్కి శల్యం చేసే పదార్థం కోసం వెతికితే దొరికింది మళ్లీ ఈ టీఎన్ఎఫే. మేలు చేస్తుందనుకున్నది కీడు చేస్తోందని తేలాక, దాన్ని వాడటం బదులు అడ్డుకోవడం మీదికి చూపు మళ్లింది. న్యూయార్క్ యూనివర్సిటీలో యాన్ విల్చెక్, జున్‌మింగ్ లే టీఎన్ఎఫ్‌ను పట్టుకునే ఎలుక యాంటీబాడీని తయారుచేశారు. ఎలుక ప్రోటీన్‌ను మనిషి ఒళ్లు సహించదు. అందుకని పెన్సిల్వేనియాలోని సెంటోకార్ కంపెనీ శాస్త్రవేత్తలు టీఎన్ఎఫ్‌కు అతుక్కునే కొసలను మాత్రం ఎలుకవి ఉంచి, మిగతా దేహాన్ని మనిషి యాంటీబాడీదిగా మార్చారు. సుమారు నాలుగో వంతు ఎలుకది, మూడు వంతులు మనిషిది. దానికి సీఏ2 అని సంకేతనామం. తరవాతి రోజుల్లో అదే ఇన్‌ఫ్లిక్సిమాబ్, వ్యాపారనామం రెమికేడ్. ఈ మందు రాబడి వాటాతో విల్చెక్ 2005లో తన యూనివర్సిటీకి 10 కోట్ల 50 లక్షల డాలర్లు ఇచ్చాడు.

కంపెనీ మొదట గురిపెట్టింది సెప్సిస్‌కు, అంటే ఇన్ఫెక్షన్ రక్తమంతా పాకి ప్రాణం మీదికొచ్చే స్థితికి. అందులో ఫలితం రాలేదు. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, లుధియానాలో పుట్టిన రవీందర్ మైనీ కీళ్లవాతానికి దీన్ని అడిగి తెచ్చుకున్నారు. 1992లో మొదలైన వారి ప్రయోగం కీళ్లవాత చికిత్సనే మార్చేసి 2003లో లాస్కర్ పురస్కారం తెచ్చిపెట్టింది. ఇంచుమించు అదే రోజుల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సాండర్ వాన్ డెవెంటర్ బృందం, ఏ మందుకూ లొంగని క్రోన్స్‌తో ఉన్న ఒక బాలికకు ఇచ్చి చూసింది. ఆమె తేరుకుంది. 1993లో లాన్సెట్ పత్రికలో ఆ వివరం వచ్చింది. 1995లో అదే ఊరి నుంచి పది మంది రోగుల ఫలితాలు వచ్చాయి. కెమెరా గొట్టం వేసి చూస్తే కొన్ని వారాల్లోనే పుండ్లు మానిన ఆనవాళ్లు కనిపించాయి. స్టెరాయిడ్లతో నొప్పి తగ్గినా పేగులో పుండ్లు అలాగే ఉండటం చూసి అలవాటుపడ్డ వైద్యులకు ఇది కొత్త.

ఎక్కించే పద్ధతి

మందు తెల్లటి పొడి రూపంలో, 100 మిల్లీగ్రాముల వయల్లో, ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటుంది. మోతాదు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు. 50 కిలోల మనిషికి 250, అంటే మూడో వయల్లో సగం మిగిలిపోతుంది. ఒక్కో వయల్‌లోకి 10 మిల్లీలీటర్ల శుద్ధజలం ఎక్కించేటప్పుడు నర్సు సూదిని సీసా గోడకు ఆనించి నీళ్లు గోడ వెంట జారేలా చూస్తుంది. తరవాత సీసాను ఊపకూడదు. చేతిలో పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పాలి. ఊపితే నురగ వస్తుంది, ప్రోటీన్ చెడుతుంది. ఐదు నిమిషాలు కదపకుండా ఉంచితే లేత పసుపు రంగులో ద్రవం తేరుతుంది. దాన్ని 250 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, సన్నటి ఫిల్టర్ ఉన్న గొట్టం ద్వారా కనీసం రెండు గంటలపాటు ఎక్కిస్తారు. కలిపాక మూడు గంటల్లోపు మొదలుపెట్టాలి. పక్కనే బీపీ, నాడి చూస్తుంటారు. ఒళ్లు ఎర్రబడినా, దురద పుట్టినా, ఛాతీ పట్టేసినట్టున్నా డ్రిప్ ఆపి, సర్దుకున్నాక నెమ్మదిగా మళ్లీ మొదలుపెడతారు. మొదటి రోజు తరవాత రెండో వారం, ఆరో వారం, అక్కణ్నుంచి ఎనిమిది వారాలకోసారి. ఈ 0, 2, 6, 8 లెక్క కూడా ఒక్క రోజులో తేలింది కాదు.

108 మంది

అమెరికా, యూరప్‌లలో 108 మంది క్రోన్స్ రోగులపై స్టీఫన్ టార్గన్ బృందం చేసిన ప్రయోగం 1997లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. ఒక్కసారే ఎక్కించారు. నాలుగు వారాల తరవాత కిలోకు 5 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో 81 శాతం, 10 తీసుకున్నవారిలో 50 శాతం, 20 తీసుకున్నవారిలో 64 శాతం మెరుగుపడ్డారు. ఉత్తుత్తి మందు గుంపులో 17 శాతం. మోతాదు పెంచితే ఫలితం తగ్గడమేమిటని ఆశ్చర్యపడాల్సిన పనిలేదు. 108 మందిని నాలుగు గుంపులు చేస్తే ఒక్కోదాంట్లో పాతిక మందికి కాస్త అటూ ఇటూ ఉంటారు. నలుగురైదుగురు అటు మొగ్గితే శాతాలు తారుమారవుతాయి. మందు పనిచేస్తుందన్నది ఆ అంకెలతో తేలిపోయింది; మోతాదుల మధ్య తేడా తేలలేదు. అయినా 5 మిల్లీగ్రాముల మోతాదు అలాగే నిలిచిపోయింది.

ఇక్కడ మెరుగుపడటం అంటే ఏమిటో చెప్పుకోవాలి. 1976లో తయారైన సీడీఏఐ అనే స్కోరుతో క్రోన్స్ తీవ్రతను కొలుస్తారు. రోగి వారం రోజులపాటు డైరీ రాయాలి: ఇవాళ ఎన్నిసార్లు పలచగా విరేచనమైంది, కడుపునొప్పి సున్నా నుంచి మూడులో ఎంత, మొత్తమ్మీద ఒంట్లో ఎలా ఉందన్నది సున్నా నుంచి నాలుగులో ఎంత. వారం విరేచనాల మొత్తాన్ని రెండుతో, నొప్పిని ఐదుతో, ఒంట్లో ఎలా ఉందన్నదాన్ని ఏడుతో గుణిస్తారు. కీళ్లనొప్పులు, కళ్లెర్రలు లాంటివి, విరేచనాలు ఆపే మాత్రలు, కడుపులో చేతికి తగిలే గడ్డ, రక్తంలో ఎర్రకణాల పాలు, బరువు కలిపితే మొత్తం ఎనిమిది అంశాలు. 150 కన్నా తక్కువొస్తే జబ్బు సద్దుమణిగినట్టు, 220 దాటితే ఒక మాదిరి నుంచి తీవ్రంగా ఉన్నట్టు. టార్గన్ ప్రయోగంలో 70 పాయింట్లు తగ్గితే మెరుగుపడ్డట్టు లెక్క.

అంటే ఎక్కువ భారం మోసింది రోగి మాటే. మనసు బాగుంటే స్కోరు తగ్గుతుంది. మంచి ఆసుపత్రిలో వారంవారం పలకరించే డాక్టరు, నర్సు ఉంటే ఉత్తుత్తి మందుతోనూ తగ్గుతుంది. ఆ 17 శాతం వచ్చింది అక్కణ్నుంచీ, జబ్బు సహజంగా తగ్గే గుణం నుంచీ. క్రోన్స్ ప్రయోగాల ఫలితాలు చదివేటప్పుడు మందు అంకె కన్నా ముందు ఈ రెండో అంకె చూడటం మంచిది.

1999లో డేనియల్ ప్రెజెంట్ బృందం 94 మంది ఫిస్టులా రోగులకు 0, 2, 6 వారాల్లో మందిచ్చి చూసింది. కారే రంధ్రాల్లో సగమైనా మూసుకుంటే మందు పనిచేసినట్టు. 5 మిల్లీగ్రాముల గుంపులో 68 శాతానికి, ఉత్తుత్తి గుంపులో 26 శాతానికి అలా జరిగింది. అన్నీ మూసుకున్నవారు 55 శాతం, 13 శాతం. రంధ్రం మూసుకుందని తేల్చే పద్ధతి వింతగా ఉంటుంది: డాక్టరు వేలితో మెత్తగా నొక్కి, చీము బయటికి రాకపోతే మూసుకున్నట్టు రాసుకుంటాడు. అంతకు ముందు ఏ మందుకూ ఇన్ని ఫిస్టులాలు మూసుకున్న దాఖలా లేదు కాబట్టి అది పెద్ద వార్తే. తరవాత ఎంఆర్ఐ తీసి చూస్తే, పైన మూసుకున్నవాటిలో చాలావాటికి లోపల సొరంగం అలాగే మిగిలి ఉంది.

ఎన్నాళ్లకోసారి?

ఒక్క డోసు కొన్ని వారాలు పనిచేస్తుందని తేలింది. తిరగబెట్టినప్పుడల్లా ఇవ్వాలా, వేళ తప్పకుండా ఇస్తూ ఉండాలా? యాక్సెంట్ వన్ అని పిలిచే ప్రయోగంలో 573 మందికి మొదటి డోసు ఇచ్చారు. రెండు వారాలకు 335 మంది, అంటే 58 శాతం మెరుగుపడ్డారు. ప్రధాన పోలిక వాళ్ల మధ్యే జరిగింది. కొందరికి ఉత్తుత్తి డ్రిప్, కొందరికి 5 మిల్లీగ్రాములు, కొందరికి మొదట 5, తరవాత 10. 2002లో వచ్చిన ఫలితాల ప్రకారం, 30వ వారానికి జబ్బు సద్దుమణిగి ఉన్నవారు వరసగా 21, 39, 45 శాతం.

39 శాతం అంటే మందు మొదలుపెట్టిన వంద మందిలో 39 మంది కాదు. మొదటి డోసుకు మెరుగుపడ్డ 58 మందిలో 39 శాతం. అంటే సుమారు 23 మంది. పత్రంలో ఇదంతా తేటగానే రాసి ఉంది, దాచిందేమీ లేదు. కానీ ప్రచార పత్రాల్లోకి, సమావేశాల్లో చూపే బొమ్మల్లోకి వచ్చేసరికి ఆ మొదటి జల్లెడ మాయమవుతుంది. పనిచేసినవాళ్లలో ఎంతకాలం పనిచేస్తుందన్నది మంచి ప్రశ్నే. అది వేరు, నాకు పనిచేస్తుందా అన్న రోగి ప్రశ్న వేరు.

ఆపి ఆపి ఇవ్వడంలోని కీడు బెల్జియంలో బయటపడింది. ఫిలిప్ బార్ట్ బృందం 2003లో అవసరమైనప్పుడే మందు తీసుకున్న 125 మంది రక్తం పరీక్షిస్తే, 61 శాతంలో ఆ మందుకే ఎదురు యాంటీబాడీలు తయారయ్యాయి. అవి ఎక్కువున్నవారిలో మందు పట్టు త్వరగా సడలింది, డ్రిప్ సమయంలో రియాక్షన్లు ఎక్కువొచ్చాయి. ఎలుక భాగాన్ని నాలుగో వంతుకు కుదించినా ఒళ్లు దాన్ని మరిచిపోలేదు. ఎనిమిది వారాల నియమం స్థిరపడింది ఇందువల్లే. అయినా ఏటా వందలో 13 మందికి మందు పనిచేయడం మానుతుందని అంచనా. అప్పుడు మోతాదు పెంచుతారు, గడువు తగ్గిస్తారు, లేదా రక్తంలో మందు ఎంతుందో కొలిచి నిర్ణయిస్తారు.

కొలైటిస్‌కు

అల్సరేటివ్ కొలైటిస్ మీద ఆక్ట్ వన్, ఆక్ట్ టూ అనే జంట ప్రయోగాలు 2005లో వచ్చాయి. ఒక్కోదాంట్లో 364 మంది. ఇక్కడ వాడిన మేయో స్కోరులో పెద్దపేగును కెమెరాతో చూసి ఇచ్చే మార్కులూ కలుస్తాయి కాబట్టి క్రోన్స్ కొలత కన్నా గట్టిది. ఎనిమిదో వారానికి మొదటి ప్రయోగంలో 5 మిల్లీగ్రాముల గుంపులో 69 శాతం, ఉత్తుత్తి గుంపులో 37 శాతం మెరుగుపడ్డారు. రెండోదాంట్లో 64, 29. అదే ఏడాది ఎఫ్‌డీఏ కొలైటిస్‌కూ అనుమతిచ్చింది.

అంకెల్లో చిన్నదైనా నాకు ఇంతకన్నా ముఖ్యమనిపించేది అదే ఏడాది వచ్చిన స్వీడన్, డెన్మార్క్ ప్రయోగం. తీవ్రమైన కొలైటిస్‌తో ఆసుపత్రిలో చేరి, నరానికిచ్చిన స్టెరాయిడ్లకూ లొంగక, పెద్దపేగు తీసేయడం తప్పదన్న స్థితికి వచ్చిన 45 మందిని తీసుకున్నారు. 24 మందికి ఒక్క డోసు ఇన్‌ఫ్లిక్సిమాబ్, 21 మందికి ఉత్తుత్తి డ్రిప్. మూడు నెలల్లో మందు గుంపులో ఏడుగురికి, రెండో గుంపులో పద్నాలుగు మందికి పేగు తీసేయాల్సి వచ్చింది. ఇక్కడ డైరీల్లేవు, పాయింట్లు లేవు. పేగు ఉందా, లేదా అన్నదే కొలత.

తోడు మందులు

ఒళ్లు మందుకు ఎదురు తిరగకుండా తోడుగా ఇంకో మందివ్వాలా? జాన్ ఫ్రెడెరిక్ కొలొంబెల్ బృందం 2010లో ప్రకటించిన సానిక్ ప్రయోగంలో 508 మంది క్రోన్స్ రోగులున్నారు. 26 వారాలకు స్టెరాయిడ్ లేకుండా కుదురుకున్నవారు అజాథయోప్రిన్‌తో 30 శాతం, ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో 44.4, రెండూ కలిపితే 56.8. పేగు పొర మానిందా అన్నది కూడా ఇందులో చూశారు: 16.5, 30.1, 43.9 శాతం. లక్షణాలు తగ్గితే చాలన్న పాత లక్ష్యం నుంచి పుండే మానాలన్న లక్ష్యానికి వైద్యం మళ్లడంలో ఈ ప్రయోగం పాత్ర పెద్దది.

ఇంకో తోడు మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలలో నడిపించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల నుంచి వచ్చిందది. 1948లో పోయిన ఆయన దాన్ని క్యాన్సర్ మందుగానే చూశాడు. కీళ్లవాతంలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ పక్కన అది రివాజుగా కూర్చుంది. క్రోన్స్‌లో మాత్రం 126 మందితో కెనడాలో చేసి 2014లో ప్రకటించిన ప్రయోగంలో అదనపు ఫలితమేమీ కనిపించలేదు. ఎదురు యాంటీబాడీలు తగ్గాయి గానీ, రోగుల పరిస్థితి ఒక్క ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవారి కన్నా మెరుగ్గా లేదు.

క్షయ

వంద మంది, అయిదొందల మందితో చేసే ప్రయోగాలు అరుదైన ప్రమాదాలను పట్టలేవు. మందు బజారులోకి వచ్చాకే అవి తెలుస్తాయి. ఎఫ్‌డీఏకు అందిన నివేదికలు తిరగేసి జోసెఫ్ కీన్, ఆయన సహచరులు 2001లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ తరవాత క్షయ వచ్చిన 70 మంది వివరాలు ప్రకటించారు. 48 మందికి మూడు లేదా అంతకన్నా తక్కువ డోసులకే వచ్చింది. 40 మందిలో క్షయ ఊపిరితిత్తులు దాటి ఇతర భాగాల్లో బయటపడింది. 64 మంది క్షయ తక్కువగా ఉండే దేశాలవాళ్లు.

కారణం టీఎన్ఎఫ్ పనిలోనే ఉంది. ఎప్పుడో ఒంట్లోకి చొరబడ్డ క్షయ క్రిములను తెల్లకణాలు చుట్టుముట్టి గ్రాన్యులోమా అనే కోటలో బంధిస్తాయి. ఆ గోడలు నిలిపి ఉంచేవాటిలో టీఎన్ఎఫ్ ముఖ్యమైనది. దాన్ని లాగేస్తే గోడ కూలి, నిద్రలో ఉన్న క్రిములు లేస్తాయి. అప్పటి నుంచి మందు మొదలుపెట్టేముందు చర్మ పరీక్షో, ఇగ్రా రక్తపరీక్షో చేసి, ఛాతీ ఎక్స్‌రే తీయడం నియమమైంది. హెపటైటిస్ బీ పరీక్ష కూడా చేస్తారు, ఎందుకంటే అదీ ఇలాగే లేస్తుంది. అజాథయోప్రిన్ కూడా కలిపి తీసుకున్న కుర్రవాళ్లలో బహు అరుదుగా కాలేయం, ప్లీహానికి వచ్చే ఒక రకం లింఫోమా క్యాన్సర్ కనిపించడంతో 2006లో మందు పత్రం మీద పెట్టె కట్టిన హెచ్చరిక చేరింది. కలిపి ఇస్తేనే మేలన్న సానిక్ ఫలితాన్ని కుర్రవాళ్ల విషయంలో దీని పక్కన పెట్టి తూచాలి.

భారతదేశంలో ఈ చిక్కు రెండింతలు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మనవాళ్లే. పైగా పేగుకు వచ్చే క్షయ, క్రోన్స్ వ్యాధి అచ్చం ఒకేలా ఉంటాయి. రెండూ చిన్నపేగు చివరే మకాం వేస్తాయి. రెండింట్లోనూ జ్వరం, బరువు తగ్గడం, కడుపునొప్పి, పేగు ఇరుకవడం ఉంటాయి. ముక్క తీసి పరీక్షించినా రెండింట్లోనూ గ్రాన్యులోమాలే కనిపించవచ్చు. క్షయ క్రిమి అందరిలోనూ దొరకదు. తేల్చుకోలేనప్పుడు మన వైద్యులు ముందు క్షయ మందులిచ్చి, రెండు మూడు నెలల్లో మళ్లీ కెమెరా వేసి పుండ్లు మానాయా అని చూస్తారు. క్రోన్స్ అనుకుని క్షయకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇస్తే క్షయ ఒళ్లంతా పాకుతుంది. క్షయ అనుకుని క్రోన్స్‌కు నెలలు పోగొడితే పేగు మరింత ఇరుకవుతుంది. పెద్ద ప్రయోగాలన్నీ క్షయ తక్కువున్న దేశాల్లో జరిగాయి. వాటిలో రాసిన ప్రమాదపు అంకెలను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోకూడదు.

పేగువాపు పాశ్చాత్యుల జబ్బన్న మాట కూడా పాతబడింది. ఆసియా, పసిఫిక్ ప్రాంతాల్లో కొత్త కేసులను లెక్కించి 2019లో ప్రకటించిన అధ్యయనంలో ఆసియా దేశాలన్నింటికన్నా ఎక్కువ రేటు భారత్‌దే, ఏడాదికి లక్షకు 9.31. నెత్తురు పడితే మొలలనుకుని, విరేచనాలైతే అమీబా అనుకుని గడిచిపోయే కాలాన్ని ఈ లెక్క పట్టుకోలేదు.

బయోసిమిలర్లు

పేటెంట్ గడువు దగ్గరపడుతుండగా ఇతర కంపెనీలు అదే యాంటీబాడీని తయారుచేయడం మొదలుపెట్టాయి. జీవకణాలు చేసే మందు కాబట్టి నూటికి నూరుపాళ్లు అదేనని ఎవరూ చెప్పలేరు. చాలా దగ్గరిదని నిరూపించాలి. దక్షిణ కొరియా కంపెనీ సెల్‌ట్రియాన్ తయారీకి యూరప్ 2013లో, అమెరికా 2016లో అనుమతిచ్చాయి. భారత్‌లోనూ 2014లో ఒక బయోసిమిలర్ అమ్మకానికొచ్చింది. ఆ అనుమతులకు ఆధారం కీళ్లవాతం, వెన్నుపూస వాతం మీద చేసిన ప్రయోగాలే. పేగువాపులో పరీక్షించకుండా పేగువాపుకు ఎలా ఒప్పుకున్నారని గ్యాస్ట్రో వైద్యులు గొణిగారు.

నార్వే ప్రభుత్వం తన ఖర్చుతో 482 మంది మీద ప్రయోగం పెట్టింది. అసలు మందు మీద కుదురుగా ఉన్నవారిలో సగం మందిని బయోసిమిలర్‌కు మార్చారు. 2017లో వచ్చిన ఫలితంలో జబ్బు ముదిరినవారు అసలు మందుతో 26 శాతం, కొత్తదానితో 30 శాతం. ముందే గీసుకున్న 15 శాతం హద్దు లోపలే ఉంది కాబట్టి తీసిపోదని తేల్చారు. కానీ క్రోన్స్ రోగులను మాత్రమే విడదీస్తే 21.2, 36.5. ఇదే గుబులు పుట్టించింది. అన్ని జబ్బులూ కలిపి లెక్క కట్టిన ప్రయోగంలో ఒక చిన్న ముక్కను విడదీసి చూస్తే ఇలాంటి తేడాలు యాదృచ్ఛికంగానూ వస్తాయి. నిజమా, యాదృచ్ఛికమా అన్నది ఆ ప్రయోగం నుంచే తెలియదు. 2019లో 220 మంది క్రోన్స్ రోగులతోనే చేసిన ప్రయోగం వచ్చాక, రెండూ సమానంగానే పనిచేస్తున్నాయని తేలి గుబులు తగ్గింది.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి

మొదట్లో ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను ఆఖరి అస్త్రంగా దాచి ఉంచేవారు. ఇతర మందులన్నీ ఓడిపోయాకే దీని వంతు. ఆ వాడుకను గట్టిగా కదిలించింది బ్రిటన్‌లో జరిగి 2024లో వచ్చిన ప్రొఫైల్ ప్రయోగం. కొత్తగా క్రోన్స్ బయటపడ్డ 386 మందిని తీసుకున్నారు. అసలు ఉద్దేశం వేరు: ఒక రక్తపరీక్షను బట్టి ఎవరికి మొదటే గట్టి మందివ్వాలో చెప్పగలమా అని. ఆ పరీక్ష ఎందుకూ కొరగాలేదు. కానీ మొదటి నుంచే ఇన్‌ఫ్లిక్సిమాబ్, తోడు మందు ఇచ్చినవారిలో 79 శాతం 48 వారాలపాటు స్టెరాయిడ్, ఆపరేషన్ లేకుండా నిలిచారు. మెట్టు మెట్టుగా మందు పెంచినవారిలో 15 శాతమే. ఎవరికేమిస్తున్నారో డాక్టరుకు, రోగికి తెలుసన్న లోపం ఇందులో ఉంది. కడుపు ఆపరేషన్ మొదటి గుంపులో ఒకరికి, రెండో గుంపులో పది మందికి అత్యవసరమైంది; ఆపరేషన్ల లెక్క డైరీలో రాసుకునే నొప్పి లాంటిది కాదు.

ఇంతలో వేరే దారుల్లో పనిచేసే వెడొలిజుమాబ్ వంటివి వచ్చాయి, అమెరికాలో 2023 నుంచి చర్మం కింద పొడుచుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ కూడా ఉంది. మొదటి డోసులు మాత్రం నరానికే.

ఆపడం గురించి రోగులు అడిగే ప్రశ్నకు రెండు ప్రయోగాలున్నాయి. ఫ్రాన్స్, బెల్జియంలలో చేసి 2012లో ప్రకటించిన స్టోరి అధ్యయనంలో, తోడు మందు కొనసాగిస్తూ ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఆపిన 115 మందిలో ఏడాదిలో దాదాపు 44 శాతానికి జబ్బు తిరగబెట్టింది. మళ్లీ మందు మొదలుపెడితే వారిలో ఎక్కువమంది కుదురుకున్నారు. అందులో పోల్చే గుంపు లేదు. ఆ లోటు తీర్చింది 2023లో వచ్చిన స్పేర్ ప్రయోగం. రెండు మందులతో కుదురుగా ఉన్న 211 మందిని మూడు గుంపులు చేశారు. రెండేళ్లలో తిరగబెట్టింది రెండూ కొనసాగించినవారిలో 14 శాతానికి, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఆపినవారిలో 36 శాతానికి, తోడు మందు ఆపినవారిలో 10 శాతానికి. అంటే ఆపాలనుకుంటే ముందు ఆపాల్సింది మాత్ర, డ్రిప్ కాదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఆపినవారిలోనూ ముగ్గురిలో దాదాపు ఇద్దరికి ఆ రెండేళ్లూ జబ్బు రాలేదు. వాళ్లెవరో ముందే గుర్తుపట్టే పరీక్ష ఏదీ ఇంకా చేతికి రాలేదు.